ఆరు రోజుల్లో చెప్పులు పూలయ్యాయి: పోలీసుల మీద జనం మాటకు అర్థమేమిటి?

2019 నవంబరు 30న షాద్‌నగర్ పోలీస్ స్టేషన్ ముందు జనం కిక్కిరిసిపోయారు. శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, చటాన్‌పల్లి అండర్‌పాస్ కింద తగలబెట్టిన కేసులో నలుగురు నిందితులు లోపల ఉన్నారు. "వాళ్లను మాకప్పగించండి" అని బయట ఒకటే అరుపులు. పోలీసుల మీదకు చెప్పులు లేచాయి, పోలీసులు లాఠీలు తీశారు. నిందితులను కోర్టుకు తీసుకెళ్లే పరిస్థితి లేక మేజిస్ట్రేటే స్టేషన్‌కు వచ్చి రిమాండ్ విధించాల్సి వచ్చింది.

డిసెంబరు 6 తెల్లవారుజామున ఆ నలుగురూ చటాన్‌పల్లి దగ్గరే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పొద్దెక్కేసరికి అండర్‌పాస్ పైనుంచి పోలీసుల మీద పూలు పడ్డాయి. మిఠాయిలు పంచారు, ఆడవాళ్లు పోలీసులకు రాఖీలు కట్టారు. ఊరు అదే, పోలీసులూ వాళ్లే, జనం కూడా దాదాపు వాళ్లే. మధ్యలో గడిచింది ఆరు రోజులు.

ఆ తర్వాత ఎక్కడ ఘోరం జరిగినా సోషల్ మీడియాలో "ఎన్‌కౌంటర్ చేసేయండి" అన్న మాట ముందుగా వినిపిస్తోంది. దీన్ని చూసి కొందరు, జనానికి పోలీసుల మీద నమ్మకం పెరిగిందంటారు. ఇంకొందరు, జనానికి రక్తదాహం పట్టిందంటారు. రెండూ తొందరపాటు మాటలే అనిపిస్తుంది నాకు. ఎన్‌కౌంటర్‌కు చప్పట్లు కొట్టిన మనిషినే "రేపు నీ ఇంట్లో దొంగతనం జరిగితే ఒక్కడివే స్టేషన్‌కు వెళ్తావా?" అని అడిగి చూడండి. తెలిసిన లీడర్‌కు ఫోన్ చేయించుకుని వెళ్తానంటాడు. పోలీసును మెచ్చుకోవడం వేరు, నమ్మడం వేరు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే కేసు స్టేషన్‌లో మొదలై జైలు దాకా ఎలా నడుస్తుందో చూడాలి.

స్టేషన్ మెట్ల దగ్గర మొదలయ్యే అపనమ్మకం

నేరాలను చట్టం రెండు రకాలుగా చూస్తుంది. హత్య, అత్యాచారం, దొంగతనం వంటి వాటిని కాగ్నిజబుల్ నేరాలంటారు. వీటిలో వారెంట్ లేకుండానే పోలీసులు అరెస్టు చేయొచ్చు, మేజిస్ట్రేట్ అనుమతి కోసం ఆగకుండా దర్యాప్తు మొదలుపెట్టొచ్చు. చిన్నపాటి తిట్లు, తోపులాటల వంటివి నాన్ కాగ్నిజబుల్. కాగ్నిజబుల్ నేరం గురించి పోలీసులకు అందిన మొదటి సమాచారాన్ని రాసుకునే కాగితమే ఎఫ్‌ఐఆర్. అది తీర్పూ కాదు, నిందితుడు దోషి అన్న ముద్రా కాదు. ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం కనబడితే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందేనని 2013లో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఇక స్టేషన్‌లో జరిగేది చూద్దాం. బస్సులో జేబులోంచి ఫోన్ కొట్టేశారు. స్టేషన్‌లో రాతకోతలు చూసే రైటర్ టేబుల్ దగ్గరికి వెళ్తే "సార్ బందోబస్తుకు వెళ్లారు, కూర్చోండి" అంటారు. గంటకో, రెండు గంటలకో కాగితం చేతికిచ్చి "'దొంగిలించారు' అని ఎందుకు, 'పోగొట్టుకున్నాను' అని రాయండి, సిమ్ తీసుకోవడానికి సరిపోతుంది" అంటారు. దొంగతనం అని రాస్తే కేసు కట్టాలి, దర్యాప్తు చేయాలి, అది స్టేషన్ లెక్కలో పెండింగ్‌గా కనబడుతుంది. పోయిందని రాస్తే ఆ తలనొప్పి ఉండదు. పెద్ద గొడవైతే "పిటిషన్ ఇచ్చి వెళ్లండి, పిలుస్తాం" అంటారు. భూమి తగాదా అయితే "పెద్దమనుషుల్లో తేల్చుకోండి" అన్న సలహా వస్తుంది. ఇవన్నీ లంచాల కథలు కావు. చాలాసార్లు పైసా చేతులు మారదు. అయినా బయటికొచ్చిన మనిషికి మాత్రం, తను చెప్పింది ఎవరూ రాసుకోలేదని అర్థమైపోతుంది.

శంషాబాద్ కేసులో జనాగ్రహానికి అసలు నిప్పు ఇక్కడే అంటుకుంది. ఆ రాత్రి అమ్మాయి కనబడడం లేదని కుటుంబం స్టేషన్‌కు వెళ్తే, ఘటన జరిగిన చోటు తమ పరిధిలోది కాదని ఇంకో స్టేషన్‌కు పంపారని కుటుంబసభ్యులు ఆరోపించారు. కేసు నమోదులో ఆలస్యం చేశారని ఒక ఎస్‌ఐతో సహా ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఏ స్టేషన్ పరిధి అయినా సరే ముందు ఎఫ్‌ఐఆర్ కట్టి, తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేసే పద్ధతిని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. తెలుగు ఇళ్లలో ఈ మాట అందరికీ తెలిసింది ఆ వారంలోనే.

పోలీసు, ప్రాసిక్యూటర్, జడ్జి, జైలు: జనం కళ్లకు అంతా ఒకటే

"నేరం చేసినవాడు బయట తిరుగుతున్నాడు" అన్న మాట వెనక చాలాసార్లు ఒక గందరగోళం ఉంటుంది. బెయిల్ అంటే కేసు కొట్టేసినట్టు కాదు. విచారణ పూర్తయ్యేదాకా, పిలిచినప్పుడల్లా వస్తానన్న షరతు మీద బయట ఉండనివ్వడం, అంతే. దీనికి తోడు ఇంకో రకం బెయిల్ ఉంది. అరెస్టయ్యాక నేరం తీవ్రతను బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిల్ హక్కుగా వస్తుంది. దీన్నే డిఫాల్ట్ బెయిల్ అంటారు. ఇక్కడ జడ్జికి వేరే దారి ఉండదు. గడువు దాటించింది పోలీసులు, పేపర్లో వచ్చేది "కోర్టు బెయిల్ ఇచ్చింది" అని. తిట్లు కోర్టుకు పడతాయి.

మరోవైపు, మన జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇంకా నేరం రుజువుకాని విచారణ ఖైదీలే. ఒకవైపు "అందరినీ వదిలేస్తున్నారు" అన్న కోపం ఉంటే, ఇంకోవైపు తీర్పు రాకుండానే ఏళ్ల తరబడి లోపల మగ్గుతున్నవాళ్లు ఉన్నారు. రెండూ నిజమే. బెయిల్ పూచీకత్తుకు జామీను దొరికేవాడు బయటికి వస్తాడు, దొరకనివాడు లోపలే ఉంటాడు.

మూడో చిక్కు ఒప్పుకోలుది. "పోలీసుల విచారణలో నేరం ఒప్పుకున్నాడు" అని రోజూ చదువుతాం. కోర్టులో ఆ ఒప్పుకోలుకు విలువ లేదు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడిపై రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా అదే చెబుతోంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన సమాచారంతో కత్తో, ఫోనో, బట్టలో దొరికితే, ఆ వస్తువు దొరకడానికి దారితీసిన మాట వరకు చెల్లుతుంది. అందుకే పోలీసులు నిందితులను ఘటనాస్థలానికి తీసుకెళ్తారు, పంచులను పిలిచి పంచనామా రాస్తారు. చటాన్‌పల్లికి ఆ నలుగురినీ చీకట్లోనే తీసుకెళ్లడానికి పోలీసులు చెప్పిన కారణం ఇదే: బాధితురాలి ఫోన్, ఇతర వస్తువుల స్వాధీనం. అక్కడ తమ ఆయుధాలు లాక్కుని దాడి చేశారని, ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసుల కథనం.

తన పోలీసునే నమ్మని చట్టం

పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు చెల్లదన్న నిబంధన పెట్టింది మానవ హక్కుల సంఘాలు కావు, తెల్లదొరలు. దాని వెనక మన ప్రాంతపు చరిత్ర కూడా ఉంది.

తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో పన్ను వసూలు, పోలీసు పని ఒకే చేతిలో ఉండేవి. శిస్తు కట్టనివాడినైనా, దొంగతనం అనుమానం ఉన్నవాడినైనా అదే సిబ్బంది పట్టుకొచ్చి అవే పద్ధతులతో దారికి తెచ్చేవారు. రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కే "కిట్టి", మనిషిని వంచి మెడను కాళ్లకు కట్టేసి ఎండలో నిలబెట్టడం వంటివి మామూలుగా సాగేవి. బ్రిటిష్ పార్లమెంటులో దుమారం రేగాక మద్రాసులో ఒక విచారణ సంఘం వేశారు. 1855లో అది ఇచ్చిన నివేదిక హింస ఉందని తేల్చింది. పల్లెల్లోని పోలీసు మర్యాదస్థులకు భయం పుట్టిస్తున్నాడే తప్ప దొంగలకు కాదన్న అభిప్రాయం కూడా ఆ నివేదికలో చేరింది. నూట డెబ్బై ఏళ్ల నాటి ఆ మాటను ఇవాళ ఏ బస్‌స్టాండులో చెప్పినా కొత్తగా ఎవరికీ అనిపించదు.

ఆ తర్వాత వచ్చిందే 1861 పోలీసు చట్టం. ఐర్లండును అదుపులో పెట్టడానికి బ్రిటిష్‌వాళ్లు వాడిన కానిస్టేబులరీ దానికి నమూనా. ప్రజలకు సేవ చేయడం కన్నా, పాలకుడి మాట అమలు చేయడమే దాని మొదటి పని. అంటే 1861, 1872 సంవత్సరాల మధ్య ప్రభుత్వం ఒక చేత్తో బలమైన పోలీసును తయారుచేసి, ఇంకో చేత్తో "వాడు చెప్పించిన ఒప్పుకోలు నమ్మకండి" అని రాసుకుంది. మనం ఆ రెండింటినీ అలాగే తెచ్చుకున్నాం.

స్వాతంత్ర్యం వచ్చాక తెలుగునాట ఈ బంధంలోకి ఇంకో చరిత్ర చేరింది. 1960ల చివర శ్రీకాకుళం నక్సలైట్ ఉద్యమం నాటి నుంచి "ఎదురుకాల్పులు" అన్న వార్త మనకు అలవాటైపోయింది. పౌరహక్కుల సంఘాలు "బూటకపు ఎన్‌కౌంటర్లు" అంటూ దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగాయి. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాల్సిందేనని 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. 2014లో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించేలా 16 మార్గదర్శకాలు ఇచ్చింది: ఎఫ్‌ఐఆర్ ఉండాలి, సీఐడీ లేదా వేరే స్టేషన్ పోలీసులు దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి. చాలాకాలం ఎన్‌కౌంటర్ రాజకీయ వివాదంగానే ఉండేది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజినీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు కాల్పుల్లో చనిపోయినప్పటి నుంచి అది ఇంటింటి మాటయింది. అప్పుడు కూడా జనం సంబరం చేసుకున్నారు. అప్పటి వరంగల్ ఎస్పీ, 2019లో సైబరాబాద్ కమిషనర్ ఒకరే కావడంతో డిసెంబరు 6న జనానికి వెంటనే వరంగల్ గుర్తొచ్చింది.

వందలో ఎందరికి శిక్ష? లెక్క చదవడంలోనే తిరకాసు

పోలీసులు, కోర్టుల మీద వాదనకు దిగినవాళ్లంతా వాడే అంకె శిక్షల శాతం. దాన్ని ఎలా లెక్కేస్తారో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

ఒక జిల్లాలో ఏడాదిలో 100 కేసులు నమోదయ్యాయి. 20 కేసులను ఆధారాల్లేవని పోలీసులు మూసేశారు. 80 కేసుల్లో ఛార్జిషీటు వేశారు. ఆ ఏడాది కోర్టులో విచారణ పూర్తయినవి 10 మాత్రమే, అందులో శిక్ష పడినవి 3. అధికారిక శిక్షల శాతం 30. ఎందుకంటే లెక్క, తీర్పు వచ్చిన 10 కేసుల మీదే. టీవీ చర్చలో కూర్చున్న ఒకాయన "100 కేసులకు ముగ్గురికే శిక్ష" అంటాడు. పక్కనున్నాయన "చూశారా, 70 శాతం తప్పుడు కేసులే" అంటాడు. ఇద్దరూ ఒకే కాగితం చదివారు, ఇద్దరూ తప్పే. మొదటాయన, తీర్పు రాని కేసులను ఓడిపోయిన కేసుల్లో కలిపేశాడు. రెండో ఆయన, రుజువుకాని కేసును అబద్ధపు కేసు చేశాడు. సాక్షి మాట మార్చినా, రాజీ కుదిరినా, ల్యాబ్ రిపోర్టు అందకపోయినా, పంచనామా సరిగ్గా రాయకపోయినా కేసు పోతుంది. అనుమానం మిగిలితే దాని లాభం నిందితుడికే పోవాలన్నది చట్టం.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2019లో అత్యాచార కేసుల్లో శిక్షల శాతం 27.8. అంటే తీర్పు దాకా వచ్చిన ప్రతి నాలుగు కేసుల్లో దాదాపు మూడు నిలబడలేదు. ఇంట్లో ఆడపిల్లలున్న తండ్రికి ఈ అంకె వినబడితే ఏమనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

నమోదైన కేసుల సంఖ్యతోనూ ఇలాంటి పేచీయే. కేసులు పెరిగితే "నేరాలు పెరిగాయి" అని ప్రతిపక్షం, తగ్గితే "మా పాలన" అని ప్రభుత్వం అంటాయి. నేరం పెరగడం, నేరం నమోదు కావడం పెరగడం ఒకటి కాదని లెక్కలు అచ్చేసే జాతీయ నేర గణాంకాల బ్యూరోయే హెచ్చరిస్తుంది. ఫోన్ దొంగతనాన్ని "పోయింది" అని రాయించే స్టేషన్‌లో నేరాలు తక్కువ కనబడతాయి. ఆడవాళ్లు ధైర్యంగా వచ్చి ఫిర్యాదు చేసే ఊళ్లో ఎక్కువ కనబడతాయి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాక వేధింపుల ఫిర్యాదులు వస్తున్నాయంటే, అంతకుముందు వేధింపులు లేవని కాదు కదా.

కోర్టు నిదానం ఎంతవరకు నిజం?

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. 2019 డిసెంబరులో పూలు చల్లినవాళ్లు పదేపదే ఎత్తిన పేరు నిర్భయ. ఆ లెక్క చూడండి. నేరం ఢిల్లీలో, 2012 డిసెంబరు 16న. ఫాస్ట్‌ట్రాక్ కోర్టు తొమ్మిది నెలల్లోపే, 2013 సెప్టెంబరులో ఉరిశిక్ష వేసింది. 2014 మార్చిలో హైకోర్టు, 2017 మేలో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేశాయి. ఉరి అమలైంది 2020 మార్చి 20న. అంటే చటాన్‌పల్లి కాల్పుల నాటికి, దేశమంతా రోడ్డెక్కిన ఆ కేసులో కూడా, దాదాపు ఏడేళ్లు గడిచినా శిక్ష అమలు కాలేదు. అయితే ఆలస్యం జరిగింది విచారణలో కాదు, అప్పీళ్లలో. జనానికి ఆ తేడా పట్టదు, పట్టాలని అడగడం కూడా న్యాయం కాదేమో.

అయినా ఆ లెక్కకు ఎదురుగా పెట్టాల్సిన కేసు ఒకటుంది. అదే 2019లో, అదే నవంబరులో, శంషాబాద్ ఘటనకు మూడు రోజుల ముందు ఆసిఫాబాద్ జిల్లాలో చిన్నచిన్న సామాన్లు ఊరూరా తిరిగి అమ్ముకుని బతికే ఒక దళిత మహిళపై ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. పోలీసులు ఆమెకు "సమత" అని పేరు పెట్టారు. డిసెంబరు మధ్యలో ఛార్జిషీటు వేశారు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురికీ మరణశిక్ష విధించింది. నేరం నుంచి కింది కోర్టు తీర్పు దాకా రెండు నెలల చిల్లర. అంతకు కొద్ది నెలల ముందు వరంగల్‌లో తొమ్మిది నెలల పసిపాపను చంపిన కేసులో కూడా రెండు నెలల్లోపే తీర్పు వచ్చింది. కింది కోర్టు ఉరి అంటే హైకోర్టు చదివి ఖరారు చేయాలి కాబట్టి కథ అక్కడితో ఆగదు. వరంగల్ కేసులో హైకోర్టు దాన్ని జీవితకాల ఖైదుగా మార్చింది కూడా. కానీ పోలీసులు, ప్రాసిక్యూటర్, కోర్టు ఒకే కేసు మీద కూర్చుంటే విచారణ వారాల్లో అవుతుందని ఈ రెండూ చూపించాయి.

సమత కేసుకు కొవ్వొత్తుల ర్యాలీలు అంతగా జరగలేదు. టీవీ వ్యాన్లు ఆసిఫాబాద్ దాకా అంతగా వెళ్లలేదు. ఆ తీర్పు వచ్చిన రోజు ఎవరూ పూలు చల్లలేదు. రెండు కేసుల్లో జనం చూపు ఎటు ఉందో, ఎందుకుందో దళిత సంఘాలు అప్పుడే అడిగాయి.

వేగం మీద మోజుతో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబరు 13నే, శంషాబాద్ బాధితురాలికి పెట్టిన పేరుతో, దిశ బిల్లు ఆమోదించింది: వారంలో దర్యాప్తు, 14 రోజుల్లో విచారణ, మొత్తం 21 రోజుల్లో తీర్పు. రాష్ట్రపతి ఆమోదం దక్కక అది చట్టం కాలేదు. దిశ పోలీస్ స్టేషన్లు, యాప్ మాత్రం వచ్చాయి.

పూలు చల్లినవాళ్ల వాదన, కాదన్నవాళ్ల వాదన

ఎన్‌కౌంటర్‌ను సమర్థించేవాళ్లను ఆవేశపరులని తీసిపారేస్తే వాళ్ల మాట వినబడదు. వాళ్లు చెప్పేది ఇదీ: బాధితురాలి కుటుంబం పదేళ్లు కోర్టు మెట్లెక్కాలా? ప్రతి వాయిదాకూ ఆ ఘోరం మళ్లీ వినాలా? డబ్బున్నవాడు పెద్ద లాయర్‌ను పెట్టుకుని బయటపడతాడు, సాక్షులను బెదిరిస్తాడు. చట్టం భయం పోయింది, ఆ భయం ఎవరో ఒకరు పుట్టించాలి. ఈ మాట వీధిలోనే కాదు, చట్టసభల్లోనూ వినబడింది. కాల్పులకు నాలుగు రోజుల ముందు రాజ్యసభలో ఒక సభ్యురాలు, ఇలాంటివాళ్లను జనం మధ్యకు తెచ్చి కొట్టి చంపాలన్నారు.

కాదన్నవాళ్ల వాదనలో బలమైనది మానవతా దృక్పథం కాదు, పొరపాటు అవకాశం. న్యాయం తక్షణం జరిగేది కాదని, ప్రతీకారంగా మారితే తన స్వభావం కోల్పోతుందని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ.బోబ్డే ఎన్‌కౌంటర్ మర్నాడు జోధ్‌పూర్‌లో అన్నారు. ఈ మాట పుస్తకం భాషలా ఉందనుకునేవాళ్లకు విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం కేసు చెప్పాలి.

2007 డిసెంబరులో అక్కడి హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపారు. రాష్ట్రం అట్టుడికింది. నెలలు గడిచాయి. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద దళిత యువకుడిని నిందితుడిగా చూపించారు. 2010లో కింది కోర్టు అతనికి జీవితఖైదు వేసింది. అమ్మాయి తల్లిదండ్రులు మాత్రం మొదటినుంచీ, నేరం చేసింది ఇతను కాదనే అంటూ వచ్చారు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని విడిచిపెట్టింది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. 2008లోనే అతను ఏ వంతెన కిందో "ఎదురుకాల్పుల్లో" చనిపోయి ఉంటే, ఆ రోజు కూడా మిఠాయిలు పంచేవారు. ఫైలు మూసేసేవారు. తప్పు జరిగిందన్న సంగతి బయటపడే దారే ఉండేది కాదు.

అలాగని కోర్టు గెలిచిందని దీన్ని చెప్పుకోవడానికి కూడా లేదు. తప్పు మనిషిని శిక్షించిందీ కోర్టే, విడిపించడానికి ఆరున్నరేళ్లు పట్టిందీ కోర్టుకే, అసలు దోషి ఎవరో ఆ తీర్పు నాటికి తేలనూ లేదు.

చటాన్‌పల్లి విషయంలో సుప్రీంకోర్టు 2019 డిసెంబరు 12న మాజీ న్యాయమూర్తి వి.ఎస్.సిర్పూర్కర్ నేతృత్వంలో ముగ్గురు సభ్యుల కమిషన్ వేసింది. 2022 మేలో నివేదిక బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మశక్యంగా లేదని, చంపే ఉద్దేశంతోనే కాల్చారని, 10 మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని అది చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. ఆ నివేదికను పోలీసు అధికారులు అక్కడ సవాలు చేశారు. కమిషన్ తమ వాదన చెప్పుకునే అవకాశం సరిగ్గా ఇవ్వలేదన్నది వాళ్లు లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకటి. 2024లో హైకోర్టు ఆ నివేదికపై చర్యలు తీసుకోకుండా స్టే ఇచ్చింది. చట్టప్రకారం ఆ అభ్యంతరం వాళ్ల హక్కు. ఆ నలుగురికి దక్కనిది కూడా సరిగ్గా అదే.

ఖాకీ లోపలి నుంచి చూస్తే

పోలీసును ఒక ముద్దగా చూడడం జనం అలవాటు. పోలీసులు కూడా జనాన్ని అలాగే చూస్తారనుకోండి, అది వేరే సంగతి. లోక్‌నీతి–సీఎస్‌డీఎస్, కామన్ కాజ్ అనే సంస్థలు కలిసి 2019లో పోలీసు సిబ్బందిపై చేసిన సర్వేలో సగటున రోజుకు 14 గంటలు పని చేస్తున్నట్టు తేలింది. మన స్టేషన్లలో కేసు దర్యాప్తు చేయాల్సిన ఎస్‌ఐయే పొద్దున మంత్రి కాన్వాయ్, మధ్యాహ్నం ధర్నా, సాయంత్రం బోనాల ఊరేగింపు చూసుకుంటాడు. కేస్ డైరీ రాత్రి పదకొండింటికి తెరుస్తాడు. పోస్టింగ్ కోసం ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం కావాలన్నది బహిరంగ రహస్యం. ఆ ఉత్తరంతో కుర్చీలో కూర్చున్నవాడు ఎమ్మెల్యే ఫోన్‌ను ఎలా కాదంటాడు?

అదే సర్వేలో, చిన్న నేరాలకు కోర్టు విచారణ కన్నా పోలీసులే చిన్నపాటి శిక్ష వేయడం మేలని 37 శాతం సిబ్బంది అన్నారు. ఈ అంకె చదివి నేను ఆశ్చర్యపోలేదు. కోర్టు మీద వీధిలో జనానికి ఎంత విసుగుందో, స్టేషన్‌లో కోర్టు కానిస్టేబుల్‌కు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. సాక్షిని పట్టుకొచ్చి పొద్దుగూకేదాకా వరండాలో కూర్చుంటే, చివరికి వాయిదా పడుతుంది. రెండు పక్కలా ఇదే విసుగు ఉన్నప్పుడు కాల్పులకు చప్పట్లు పడడంలో వింతేముంది?

పోలీసుల మీద జనానికి మంచి మాట ఉన్న చోట్లు లేకపోలేదు. 100కు ఫోన్ చేస్తే బండి త్వరగా రావడం, పోయిన ఫోన్‌ను సీఈఐఆర్ పోర్టల్ ద్వారా వెతికి పిలిచి మరీ ఇవ్వడం, షీ టీమ్స్, భరోసా కేంద్రాలు ఇలాంటివే. అయితే ఆ పేరు ఎక్కువగా స్టేషన్ బయట వచ్చిన పేరే. లోపలి సంగతి మనిషిని బట్టి మారుతుంది. 2021లో యాదాద్రి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానంతో తెచ్చిన ఒక దళిత మహిళ చనిపోయింది. ఎస్‌ఐ, ఇద్దరు కానిస్టేబుళ్ల ఉద్యోగాలు పోయాయి. అనుమానం ఒక వంటమనిషి మీద పడ్డప్పుడు ఒకలా, ఆ ఇంటి యజమాని కొడుకు మీద పడ్డప్పుడు ఇంకోలా ప్రవర్తించే స్టేషన్ గురించి ఆ ఇద్దరికీ ఒకే అభిప్రాయం ఎలా ఉంటుంది?

మార్పులు కాగితం మీద ఎంత, గుమ్మం దగ్గర ఎంత

2006లో పోలీసు సంస్కరణల కోసం వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలు ఇచ్చింది. డీజీపీ నుంచి స్టేషన్ అధికారి దాకా కనీసం రెండేళ్ల పదవీకాలం, పోలీసులపై ఫిర్యాదులకు విడి సంస్థ, దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి వేరు చేయడం వాటిలో ముఖ్యమైనవి. బందోబస్తుకు పోయే ఎస్‌ఐ, దర్యాప్తు చేసే ఎస్‌ఐ వేరువేరుగా ఉండాలన్నది మూడోదాని సారాంశం. కాగితం మీద చాలా రాష్ట్రాలు ఏదో ఒక కమిటీ వేశాయి. బదిలీల మీద పట్టు వదులుకోవడానికి మాత్రం ఏ పార్టీ ప్రభుత్వమూ ఇష్టపడలేదు. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో వచ్చిన ఆదేశం పరిస్థితీ అంతంతమాత్రమే. కెమెరా ఉంటుంది, కావాల్సిన రోజు ఫుటేజీ ఉండదు.

2024 జులై నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కొన్ని మార్పులు తెచ్చింది. జీరో ఎఫ్‌ఐఆర్ ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు పోలీసులే తెలపాలి. ఇప్పటిదాకా దాన్ని తెలుసుకోవడానికే జనం స్టేషన్ చుట్టూ తిరిగేవారు. పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ఎస్పీకి రాయొచ్చు, అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఇంకోవైపు, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో కేసు కట్టేముందు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వెసులుబాటు పోలీసులకు ఇచ్చారు. తప్పుడు కేసులు తగ్గుతాయని పోలీసు అధికారులు, "పిటిషన్ ఇచ్చి వెళ్లండి" అనడానికి ఇప్పుడు చట్టమే అండ అయిందని లాయర్లు అంటున్నారు.

ఫిర్యాదును ఇంటి నుంచే ఆన్‌లైన్లో పంపే వీలూ ఇచ్చారు. అది ఎఫ్‌ఐఆర్‌గా మారాలంటే మూడు రోజుల్లో ఫిర్యాదుదారు సంతకం పెట్టాలి. మామూలుగా ఆ సంతకానికి వెళ్లాల్సింది మళ్లీ రైటర్ టేబుల్ దగ్గరికే.